కృష్ణపట్నం మూడో నంబరు... కూర్పు వేరు, రూపు వేరు!

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడగానే టీవీ కింద స్క్రోలింగ్ మొదలవుతుంది... ‘కృష్ణపట్నం పోర్టులో మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగురవేత’. పది నిమిషాల్లో అది నెల్లూరు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. రాత్రికి మూడు కాస్తా అయిదు అయిందనుకోండి, ‘పెరిగింది, జాగ్రత్త’ అని ఇంకో ఫార్వర్డ్. సరే, మూడు అంటే ఏంది? ఎన్నింట్లో మూడు? అసలు హెచ్చరికని ‘ఎగరేయడం’ ఏంటి, అదేమన్నా గాలిపటమా?

నిజంగానే ఎగరేస్తారు. చేతిలో ఫోన్లు లేని కాలంలో మొదలైన పద్ధతి ఇది. పోర్టులో ఎత్తైన స్తంభానికి పగలైతే కోన్, సిలిండర్ ఆకారాల్లో ఉండే గుర్తులు వేలాడదీస్తారు. చీకటి పడితే అవి కనపడవు కాబట్టి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు ఒక వరసలో వెలిగిస్తారు. సముద్రంలో ఉన్న ఓడ దూరం నుంచే చూసి సంగతి తెలుసుకుంటుంది.

మొత్తం 11 సంకేతాలు. ఎక్కడో దూరంగా వాయుగుండమో తుపానో ఉందని రేవు వదిలి వెళ్లే ఓడలకు చెప్పేవి 1, 2. ఇక్కడికే గాలివాన వచ్చే సూచన ఉంది, కాస్త చూసుకోండి అనేవి 3, 4. ‘ప్రమాదం’ అన్న మాట అసలు మొదలయ్యేది 5 దగ్గర. 8, 9, 10 అయితే మహా ప్రమాదం. అంటే మూడో నంబర్ ‘ప్రమాద’ హెచ్చరిక అని మన చానళ్లు అనడం కొంచెం ఎక్కువే. ఇక 11 అన్నిటికంటే విచిత్రమైంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, మాకే ఏమీ తెలియట్లేదు అని చెప్పడానికి ఎగరేసే సంకేతం అది. కబురు లేదన్నదే కబురు!

ఇప్పుడు అసలు మెలిక. 5 కంటే 6 పెద్దది అనుకుంటున్నారా? కాదు. తుపాను తీరం దాటే దారికి పోర్టు ఎడమ పక్కన ఉంటే 5, కుడి పక్కన ఉంటే 6, పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో పోతే 7. ఈ మూడింటి తీవ్రతా ఒకటే తరగతి. 8, 9, 10 లోనూ ఇదే లెక్క... ఎడమ, కుడి, నెత్తిమీద. కాకపోతే తుపాను పెద్దది.

ఎడమైతే ఏంటి, కుడైతే ఏంటి అంటారా? మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకి వచ్చే తుపానుకి కుడి పక్క అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదకి తోస్తుంది, నీళ్లని కూడా వెంటేసుకుని. ఎడమ పక్క, అంటే దక్షిణాన, గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. అందుకే ఉప్పెన భయం కుడి పక్క ఊళ్లకి ఎక్కువ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు దాని దారికి ఎడమ పక్కన ఉంది. వానలు మాత్రం ఏ పక్కనున్నా వదల్లేదు, అది వేరే కథ.

చూశారా, ఆ ఒక్క అంకెలో రెండు సంగతులు దాక్కున్నాయి. ఎంత పెద్దది అన్నది ఒకటి, ఎటు పోతుంది అన్నది ఇంకొకటి. రెండింటినీ కలిపి ఒకే వరస నంబర్లుగా చూపించేసరికి మనం దాన్ని జ్వరం కొలిచే థర్మామీటర్‌లా చదువుతున్నాం. సమాచారం తప్పు కాదు. దానికి వేసిన వేషం మనల్ని తప్పుదారి పట్టించింది.

సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు గీసే ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా తలలు పట్టుకునేది సరిగ్గా ఈ విషయం మీదే. ఏం చెప్పాలి అన్నది ఒక చోట పెట్టు, ఎలా కనపడాలి అన్నది ఇంకో చోట పెట్టు, రెండింటినీ ఒకే ముద్దగా కలపకు. మొదటిదాన్ని మనం ‘కూర్పు’ అనుకుందాం, రెండోదాన్ని ‘రూపు’. రేవు స్తంభం ఆ పని ఎప్పుడో చేసింది. కబురు ఒకటే. పగలు ఒక రూపు, రాత్రి ఇంకో రూపు.

డార్క్ మోడ్ కూడా ఇదే

మీరు ఫోన్లో డార్క్ మోడ్ నొక్కితే తెల్ల తెర నల్లగా అవుతుంది. మెసేజీల్లో ఒక్క అక్షరం మారదు. ఎందుకంటే మెసేజీ వేరే చోట ఉంది, దాని రంగు వేరే చోట ఉంది. మొదట్లో వెబ్ పేజీలు ఇలా ఉండేవి కావు. రంగు, అక్షరం సైజు, అసలు విషయం అన్నీ కలగాపులగంగా రాసేవాళ్లు. ఒక సైట్‌లో హెడ్డింగుల రంగు మార్చాలంటే వంద పేజీల్లో వంద చోట్ల మార్చాలి. 1994లో హాకన్ వియుమ్ లీ అనే నార్వే ఇంజనీరు రూపుని విడిగా రాసే సీఎస్‌ఎస్ అనే పద్ధతి ప్రతిపాదించాడు. 1996 చివరికి అది ప్రమాణం అయింది. ఇప్పుడు మీరు చూసే ప్రతి పేజీ వెనకా అదే ఉంది.

కానీ అక్షరాలున్న పేజీకి ఇది సులువు. చుక్కలు, గీతలు ఉన్న బొమ్మకి అంత సులువు కాదు.

పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

చుక్కలు, గీతలు అనగానే మనకి ముగ్గు గుర్తు రావాలి. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు’. సంక్రాంతికి పత్రికలో ముగ్గు బొమ్మ కింద ఉండే ఈ ఒక్క ముక్క చాలు, ఫోన్లో చెప్పినా అవతలి మనిషి చుక్కలు పెట్టేస్తుంది. మధ్య వరసలో 15, పైకీ కిందకీ 14, 13... అలా 8 దాకా. కూడితే మొత్తం 169 చుక్కలు. కాగితం సైజు చెప్పలేదు, రంగు చెప్పలేదు, సుద్దా పిండా చెప్పలేదు. కూర్పు మాత్రమే చెప్పింది. మైపాడులో ఇసక మీద వేసినా, డాలస్‌లో అపార్ట్‌మెంటు గుమ్మం ముందు వేసినా అదే ముగ్గు.

ఇది ఊరికే పోలిక కోసం అంటున్న మాట కాదు. చెన్నై పక్కన తాంబరంలో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ నుంచి గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, కమలా క్రితివాసన్ కలిసి 1974లో ముగ్గుల మీద ఒక కంప్యూటర్ సైన్స్ పరిశోధన పత్రం ప్రచురించారు. బొమ్మని వ్యాకరణంలా రాయొచ్చు, ఆ సూత్రాల నుంచి ముగ్గుని పుట్టించొచ్చు అని చూపించారు. మన గుమ్మం ముందు ఆడవాళ్లు రోజూ చేసే పనిలో అంత సరుకుందని అప్పటికే గుర్తించారన్నమాట.

కంప్యూటర్ వాళ్ల భాషలో చుక్కలూ, వాటిని కలిపే గీతలూ కలిస్తే ‘గ్రాఫ్’. స్కూల్లో గీసిన గ్రాఫ్ కాదు, ఇది వేరే. ఇన్‌స్టాలో ఎవరు ఎవరిని ఫాలో అవుతున్నారు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి రోడ్డుంది... ఇవన్నీ గ్రాఫులే. వీటిని గీసే సాఫ్ట్‌వేర్లలో పాత కాపు గ్రాఫ్‌విజ్. అమెరికాలోని ఏటీ అండ్ టీ పరిశోధనశాలలో పుట్టింది, ఉచితం. దానికి మీరు బొమ్మ గీసి ఇవ్వరు. మాటల్లో చెప్తారు, అంతే. నెల్లూరు తీరానికైతే ఇలా ఉంటుంది...

నెల్లూరు -- మైపాడు
నెల్లూరు -- ముత్తుకూరు
ముత్తుకూరు -- కృష్ణపట్నం
నెల్లూరు -- గూడూరు
గూడూరు -- కోట
కోట -- వాకాడు
గూడూరు -- నాయుడుపేట
నాయుడుపేట -- సూళ్లూరుపేట
సూళ్లూరుపేట -- శ్రీహరికోట

ఇదే కూర్పు. ఏ చుక్క ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేరే లెక్కేసుకుంటుంది. ‘డాట్’ అనే యంత్రానికి ఇస్తే పై నుంచి కిందకి మెట్లలా పేరుస్తుంది. ‘సర్కో’కి ఇస్తే గుండ్రంగా. ‘నీటో’కి ఇస్తే గీతలన్నీ స్ప్రింగులు అనుకుని లాగి వదిలినట్టు సర్దుతుంది. జాబితాలో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు.

శ్రీహరికోట రంగు మారిన రోజు

ఇప్పుడు ఆ చుక్కలకి జిల్లా ప్రకారం రంగు వేద్దాం. నెల్లూరుకి నీలం, తిరుపతికి ఆకుపచ్చ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయాయి. ఉత్తరాన కందుకూరు వైపు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. ఒక్క చుక్క కూడా జరగలేదు. పులికాట్ మీద రోడ్డు తెగిపోలేదు. మారింది ఒకే ఒక్క వివరం.

చేత్తో ఫొటోషాప్‌లో మ్యాపులు గీసుకున్నవాళ్ల గతి ఆలోచించండి. ప్రతి మ్యాపూ తెరవాలి, ప్రతి చుక్కా వెతికి రంగు మార్చాలి, ఎక్కడో ఒకటి మర్చిపోవాలి. కూర్పూ రూపూ విడిగా పెట్టుకున్నవాళ్లు శ్రీహరికోట పక్కన ‘జిల్లా’ అన్న గడిలో ఒక్క మాట మారుస్తారు. జిల్లాని బట్టి రంగు వెయ్యి అన్న నియమం ముందే ఉంది కాబట్టి బొమ్మలన్నీ వాటంతటవే మారిపోతాయి. జీవశాస్త్రం వాళ్లు ఎక్కువగా వాడే సైటోస్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ నియమాల కట్టని ‘స్టైల్’ అనే పేరుతో విడిగా దాచుకోవచ్చు. ఈ రోజు ఒక నెట్‌వర్క్‌కి వేసిన చొక్కా రేపు ఇంకో నెట్‌వర్క్‌కి తొడగొచ్చు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా చుక్క ఎక్కడుండాలి అన్న దగ్గర వస్తుంది. అది కూర్పా, రూపా?

లండన్ మెట్రో రైలు మ్యాపు కథ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్, కరెంటు సర్క్యూట్లు గీసిన చేత్తో, స్టేషన్లని అసలు దూరాలతో సంబంధం లేకుండా నిలువు, అడ్డం, ఏటవాలు గీతల మీద సర్దేశాడు. 1933లో అచ్చు వేసి జనానికి ఇస్తే ఎగబడి తీసుకున్నారు. రైలెక్కినవాడికి తర్వాతి స్టేషన్ ఏది, ఎక్కడ మారాలి అన్నదే కావాలి. ఎన్ని కిలోమీటర్లన్నది అనవసరం. అక్కడ చుక్క చోటు ఉత్త రూపే.

మరి నెల్లూరు సముద్రంలో? అక్కడ చోటే అసలు విషయం. వల ఎక్కడ వెయ్యాలో చెప్పే మ్యాపులో చుక్కని ‘అందంగా ఉంటుంది’ అని పక్కకి జరిపితే, ఒక పడవ డీజిలంతా వృథా. గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం... ఈ బొమ్మలో ఏది కదపొచ్చు, ఏది కదపకూడదు. ప్రోగ్రామ్ రాయడం ఆ తర్వాతే మొదలవ్వాలి.

చేపలున్న గీత

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని దేశంలోని సముద్రమంతా చూసుకునే సంస్థ. 1999లో పెట్టారు. 2004 సునామీ నెల్లూరు తీరాన్ని కూడా కొట్టింది కదా, ఆ తర్వాత 2007లో సునామీ హెచ్చరికల కేంద్రం కూడా ఇక్కడే మొదలైంది. చేపలు దొరికే అవకాశమున్న చోట్ల సమాచారం కూడా వీళ్లే ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులూ, మబ్బులు కమ్మి ఉపగ్రహానికి నీళ్లు కనపడని రోజులూ పోతే మిగతా కాలమంతా ఈ కబురు నడుస్తుంది.

పద్ధతి ఇదీ. ఉపగ్రహం సముద్రం పైపొర వేడిని కొలుస్తుంది. నీటి రంగుని బట్టి అందులో పచ్చదనం, అంటే కంటికి కనపడని మొక్కల్లాంటి జీవులు ఎంతున్నాయో కూడా కొలుస్తుంది. చల్లనీళ్లు, వేడినీళ్లు కలిసే అంచుల్లో ఆ జీవులు పోగవుతాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు. ఆ అంచులని గీతలుగా గుర్తిస్తారు. నీటి రంగు చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహాలు 1999, 2009, 2022లలో ఎగిరింది ఎక్కడి నుంచో తెలుసు కదా... శ్రీహరికోట నుంచే. అక్కడి ఇసక మీంచి పైకెళ్లిన యంత్రం, అదే తీరంలో పడవ తోసుకునే మనిషికి చేప ఎటుందో చెప్తోంది.

ఆ గీత మన తీరానికి చేరేసరికి ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. శాస్త్రవేత్తకి మ్యాపు మీద గీత. రేవులో డిజిటల్ బోర్డు మీద అక్షరాలు. ఫోన్లో మెసేజీ. మీ రేవు నుంచి ఏ దిశలో, ఎన్ని డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అక్షాంశం, రేఖాంశం అన్నీ తెలుగులో కూడా వస్తాయి. జీపీఎస్ ఉన్న బోటువాళ్లు చివరి రెండు అంకెలు కొట్టుకుంటారు. లేనివాళ్లు దిశా, లోతూ పట్టుకుపోతారు. కూర్పు ఒక్కటే ఉంచి రూపు ఎవరికి తగ్గట్టు వాళ్లకిస్తేనే ఇది కుదిరింది. మ్యాపు ఫొటో ఒక్కటే తీసి అందరికీ పంపి ఉంటే సగం మందికి అక్కరకొచ్చేది కాదు.

తీరం నుంచి కొంచెం దూరం పోతే ఫోన్ సిగ్నల్ పోతుంది. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు వైపు లోపలికెళ్లిన మత్స్యకారులకి హెచ్చరిక అందించే దారే లేకపోయింది. ఎందరో ప్రాణాలు పోయాయి. 2019లో ‘జెమిని’ అనే చిన్న పెట్టె తెచ్చింది అందుకే. గగన్ ఉపగ్రహాల నుంచి ఆ పెట్టె కబురు అందుకుంటుంది, బ్లూటూత్ మీద పడవలో ఉన్న ఫోన్‌కి ఇస్తుంది. ఫోన్లో యాప్ దాన్ని మన భాషలో చూపిస్తుంది.

ఇక్కడ ఉపగ్రహం దారి సన్నటిది. బొమ్మలు, రంగులు, అక్షరాల సోకులు అన్నీ అందులో పట్టవు. అందుకే పై నుంచి దిగేది పొడి సమాచారం. తెలుగు, రంగు, బాణం గుర్తు అన్నీ ఫోన్లోనే పుడతాయి. కూర్పూ రూపూ విడదీయడం అంటే కోడ్ నీటుగా ఉండటం కోసం ఇంజనీర్లు చెప్పుకునే నీతి అనుకునేవాళ్లు ఈ పడవ ఎక్కి చూడాలి. విడదీయకపోతే ఇక్కడ కబురే చేరదు.

ఎర్ర సముద్రం నిజంగా ఎర్రగా ఉందా?

తుపాను రోజుల్లో మీరు షేర్ చేసే స్క్రీన్‌షాట్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఒకే గాలి ఒక యాప్‌లో ఎర్రగా, ఇంకో యాప్‌లో ఊదాగా కనపడుతుంది. ఉపగ్రహం ఆ రంగులు చూడలేదు. అది అంకెలు పంపింది, రంగులు సాఫ్ట్‌వేర్ పూసింది. వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు, నారింజ, ఎరుపు రంగులకి మాత్రం కచ్చితమైన అర్థాలున్నాయి. పసుపంటే గమనిస్తూ ఉండు, నారింజంటే సిద్ధంగా ఉండు, ఎరుపంటే కదులు. ప్రైవేటు యాప్‌లో ఎరుపుకి ఆ అర్థం ఉండనక్కర్లేదు. అందులో అది ఉత్త రూపు. ప్రభుత్వ మ్యాపులో అది కూర్పులో భాగం. స్క్రీన్‌షాట్ తీసి, పక్కనున్న కొలత పట్టీ కత్తిరించి పంపితే రెండూ ఒకేలా భయపెడతాయి.

ఇంద్రధనుస్సు రంగులతో ఇంకో చిక్కుంది. నీలం నుంచి ఎరుపుకి పోయే దారిలో పసుపు దగ్గర కన్ను ఒక్కసారి ఆగుతుంది, అక్కడేదో అంచున్నట్టు. అంకెల్లో అక్కడ ఏ మలుపూ ఉండకపోవచ్చు. చేపల కోసం సముద్రంలో అంచులు వెతికేవాడికి, లేని అంచు కనపడటం కంటే ఖరీదైన తప్పు ఏముంటుంది? అందుకే అంచుని అంకెల్లో వెతకాలి, రంగు ఆ తర్వాత వెయ్యాలి. ఎరుపూ ఆకుపచ్చా విడిగా కనపడనివాళ్లు మన మగపిల్లల్లో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం రంగుల కట్ట మార్చడానికి వీలుండాలంటే, రంగు బొమ్మలో కలిసిపోయి ఉండకూడదు.

తుపాను దారి చూపే కోన్ బొమ్మ కూడా అంతే. తీరం వైపు వచ్చేకొద్దీ వెడల్పయ్యే ఆ ఆకారాన్ని చూసి తుపాను అంత పెద్దది అవుతోందని చాలామంది అనుకుంటారు. అది తుపాను సైజు కాదు. తుపాను నడిబొడ్డు ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పే అనుమానపు హద్దు. రోజులు ముందుకి పోయేకొద్దీ అనుమానం పెరుగుతుంది, బొమ్మ వెడల్పవుతుంది. కోన్‌కి బయటున్న ఊళ్లో కూడా గాలీ వానా దంచొచ్చు.

ఎవరన్నా నెల్లూరు కుర్రాళ్లు మన తీరం కోసం యాప్ రాస్తుంటే ఒక చిన్న విన్నపం. మన మత్స్యకారులు పాతకాలం నుంచీ లోతుని మీటర్లలో కాదు, బారల్లో లెక్కపెట్టేవాళ్లు. రెండు చేతులూ చాపితే ఒక బార, దాదాపు 6 అడుగులు. లోపల సమాచారంలో మీటర్లే ఉండనివ్వండి, దాన్ని ముట్టుకోవద్దు. తెర మీద మాత్రం ఒక మీట పెట్టండి. అది నొక్కితే 40 మీటర్లు అన్న చోట 22 బారలు అని కనపడాలి. రూపుని విడిగా రాసుకుని ఉంటే అది ఒక సాయంత్రం పని.